ఎంఏబీ414తో కనిపించే చుక్కలన్నీ కేంద్రక రంధ్రాలేనా?

రంధ్రాన్వేషి:

అందరికీ నమస్కారం. హీలా కణాలలో (ప్రయోగశాలలో పెంచే మానవ కణజాతి) కేంద్రక రంధ్రాలను, అంటే కేంద్రకపు పొరలో అణువులు రాకపోకలు సాగించే ద్వారాలను, ఎంఏబీ414 అనే ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీతో గుర్తిస్తున్నాను. కణాలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, 0.2 శాతం ట్రైటాన్ ఎక్స్‌-100 అనే డిటర్జెంట్‌తో పొరలను తెరిచి, బీఎస్‌ఏ అనే ప్రోటీన్‌తో, యాంటీబాడీ అనవసరంగా అంటుకునే చోట్లను బ్లాక్ చేసిన తరువాత యాంటీబాడీ వేస్తున్నాను. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో కేంద్రకం నడిమి తలం మీద ఫోకస్ చేస్తే అంచు వెంట సన్నని వలయం కనిపిస్తోంది. గాజుపలకకు ఆనుకుని ఉన్న అడుగు తలం మీద ఫోకస్ చేస్తే విడివిడి చుక్కలు కనిపిస్తున్నాయి. ఇంతవరకు బాగానే ఉంది.

నా సందేహాలు మూడు. కొన్ని కణాలలో కేంద్రకం బయట, కణద్రవ్యంలో కూడా ప్రకాశవంతమైన చుక్కలు వస్తున్నాయి. వాటిని బ్యాక్‌గ్రౌండ్‌గా కొట్టివేయవచ్చునా? ఒక రసాయనం ఇచ్చిన కణాలలో నప్153 అనే రంధ్రపు ప్రోటీన్ రంధ్రాల నుండి తగ్గిపోతోందని మా అనుమానం. కుందేలులో తయారైన నప్153 యాంటీబాడీ సంకేతాన్ని ఎంఏబీ414 సంకేతంతో భాగించి ఆ తగ్గుదలను చూపిద్దామనుకుంటున్నాను, ఇది సరైన పద్ధతేనా? చివరగా, అడుగు తలంలోని చుక్కలను లెక్కించి, చదరపు మైక్రోమీటరుకు ఇన్ని రంధ్రాలు ఉన్నాయని రాయవచ్చునా?

జెల్‌పట్టీ:

మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రయోగం ముందుకు వెళ్లక ముందే ఆపవలసినది అదే.

ఎంఏబీ414ను లారా డేవిస్, గుంటర్ బ్లోబెల్ 1986లో ప్రకటించారు. ర్యాట్ (పెద్ద ఎలుక) కాలేయ కేంద్రకాల నుండి వేరుచేసిన రంధ్ర సముదాయ, లామినా (కేంద్రక త్వచానికి లోపలివైపు ఉండే లామిన్ ప్రోటీన్ల పొర) భాగాన్ని ప్రతిజనకంగా వాడి దానిని తయారుచేశారు. నేడు మనం నప్62 అని పిలిచే ప్రోటీన్ ఆ పనిలోనే గుర్తింపుకు వచ్చింది. అయితే ఆ యాంటీబాడీ ఒక్క నప్62కే అతుక్కోదు. ఫినైలాలనిన్, మరొక అమైనో ఆమ్లం, మళ్లీ ఫినైలాలనిన్, గ్లైసిన్ అనే వరుస అనేకసార్లు పునరావృతమయ్యే న్యూక్లియోపోరిన్లను (రంధ్రాన్ని నిర్మించే ప్రోటీన్లను) అది పట్టుకుంటుంది. క్షీరద కణాలలో ఆ జాబితాలో ముఖ్యమైనవి నప్62, నప్153, నప్214, నప్358. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణం బట్టి విడదీసి యాంటీబాడీతో చూసే పద్ధతి) చేస్తే ఈ నాలుగు పట్టీలూ ఒకే యాంటీబాడీతో కనిపిస్తాయి. ఇలాంటి వరుసలు జీవపరిణామంలో పెద్దగా మారలేదు కాబట్టే కప్ప కణాలలోనూ, ఈస్ట్‌లోనూ కూడా అది పనిచేస్తుంది.

ఇప్పుడు మీ భాగహారాన్ని మళ్లీ చూడండి. నప్153 తగ్గితే లవం తగ్గుతుంది. ఎంఏబీ414 కూడా నప్153ను గుర్తిస్తుంది కాబట్టి హారం కూడా కొంత తగ్గుతుంది. అసలు తగ్గుదలలో కొంత భాగాన్ని మీ లెక్కే దాచివేస్తుంది. ఆ రెండు రంగుల కలయికను చూపి నప్153 రంధ్రాల వద్దే ఉందని వాదించినా అదే చిక్కు, ఒక ప్రోటీన్‌ను దానితోనే పోల్చినట్లవుతుంది. ఎంఏబీ414 పట్టుకోని, రంధ్రపు చట్రంలో స్థిరంగా ఉండే నప్107 గాని నప్133 గాని హారంగా ఉండాలి.

రంధ్రాన్వేషి:

జెల్‌పట్టీ గారూ, కృతజ్ఞతలు. ఎంఏబీ414 అనేక న్యూక్లియోపోరిన్లను గుర్తిస్తుందని చదివాను గాని ఈ కోణంలో ఆలోచించలేదు. నప్107, నప్133 స్థిరమైనవని ఎలా చెబుతున్నారు? రసాయనం వాటిని కూడా కదిలించవచ్చు కదా?

జెల్‌పట్టీ:

కదిలించవచ్చు, అది మీరు విడిగా పరీక్షించి చూపవలసిందే. నేను స్థిరత్వం అన్నది సాధారణ కణాల విషయంలో. రబు, డోయ్, ఎల్లెన్‌బర్గ్ 2004లో జీవకణాలలో ఫ్లోరోసెంట్ న్యూక్లియోపోరిన్లను లేజర్‌తో వెలిసిపోయేలా చేసి, అవి ఎంత త్వరగా తిరిగి నిండుతాయో కొలిచారు. నప్107 ఉన్న వై ఆకారపు సముదాయం ఇంటర్‌ఫేజ్ (రెండు విభజనల నడుమ దశ) అంతా దాదాపు కదలకుండా రంధ్రంలోనే ఉండిపోగా, నప్153 వంటివి ఎప్పటికప్పుడు వచ్చిపోతూ ఉంటాయని తేలింది. ఈ తేడా మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఎప్పుడూ వచ్చిపోయే ప్రోటీన్‌ను ఫిక్స్ చేసే విధానమే కొంత మార్చివేయగలదు కాబట్టి, నప్153 తగ్గుదల రసాయనం వల్ల వచ్చిందా, ఫిక్సేషన్‌కు ముందు జరిగిన ఆలస్యం వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. రసాయనం ఇచ్చిన పలకను, ఇవ్వని పలకను ఒకే క్షణంలో, ఒకే ద్రావణంతో ఫిక్స్ చేయడం తప్పనిసరి.

ఎలక్ట్రాన్‌కన్ను:

కణద్రవ్యంలోని చుక్కల గురించి. వాటిని బ్యాక్‌గ్రౌండ్ అని కొట్టివేయకండి. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరలలో కూడా రంధ్ర సముదాయాలు గుంపులుగా, ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల రూపంలో ఉంటాయి. వీటికి ఆన్యులేట్ లామెల్లే అని పేరు. అండకణాలలో, పిండదశ తొలినాళ్లలో ఇవి విస్తారంగా ఉంటాయి, సంవర్ధనంలో పెంచే అనేక కణజాతులలో కూడా కొద్దిగా కనిపిస్తాయి. ఎంఏబీ414 వాటిని చాలా ప్రకాశవంతంగా చూపిస్తుంది, ఎందుకంటే ఒక చిన్న ముద్దలో చాలా రంధ్రాలు పక్కపక్కనే ఉంటాయి.

నిర్ధారణకు సులువైన మార్గం లామిన్ యాంటీబాడీని జతచేయడం. కేంద్రక త్వచపు రంధ్రాల వెనుక లామిన్ పొర ఉంటుంది. ఆన్యులేట్ లామెల్లే వెనుక ఉండదు. చుక్క ఎంఏబీ414కు వెలుగుతూ లామిన్‌కు వెలగకపోతే, సెకండరీ యాంటీబాడీ (మొదటి యాంటీబాడీకి అతుక్కుని రంగును చూపేది) ఒక్కటే వేసిన పలకలో అలాంటి చుక్కలేవీ లేకపోతే, అది ఆన్యులేట్ లామెల్లే అనుకోవడానికి బలమైన ఆధారం ఉన్నట్లే. తిరుగులేని రుజువు కావాలంటే ఆ చోటును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలి. మొత్తం కణపు సంకేతాన్ని కొలిచి రంధ్రాల పరిమాణం ఇంత అని చెప్పే పద్ధతులు ఈ ముద్దల వల్లనే తప్పుదారి పడతాయి. కేంద్రకపు అంచును మాస్క్ చేసి, అందులోని సంకేతాన్నే తీసుకోండి.

ఇంకొక మాట. విభజనలో ఉన్న కణాలను లెక్కలోకి తీసుకోకండి. క్షీరద కణాలలో మైటోసిస్‌లో కేంద్రక త్వచం విడిపోయి, న్యూక్లియోపోరిన్లు కణద్రవ్యమంతటా చెదిరిపోతాయి. నప్107 సముదాయంలో కొంత భాగం క్రోమోజోములను లాగే తంతువులు అతుక్కునే కైనెటోకోర్‌ల వద్దకు చేరుతుంది. డీఎన్‌ఏ రంగును పక్కన పెట్టుకుని చూస్తే ఈ కణాలను గుర్తించడం కష్టమేమీ కాదు.

వెలుగుచుక్క:

లెక్కింపు ప్రశ్నకు సమాధానం నేను రాస్తాను. దీని గురించి ప్రచురిత చిత్రాలలో కూడా చాలామంది తొందరపడతారని నా అభిప్రాయం.

సాధారణ లెక్క చేద్దాం. 1.4 న్యూమరికల్ ఎపర్చరు గల ఆబ్జెక్టివ్‌తో, 520 నానోమీటర్ల కాంతిలో, పక్కపక్కనున్న రెండు బిందువులను విడదీయగల హద్దు తరంగదైర్ఘ్యాన్ని ఎపర్చరుకు రెట్టింపుతో భాగిస్తే 186 నానోమీటర్లు వస్తుంది. ఆచరణలో 200 నుండి 250 అనుకోవాలి. రంధ్ర సముదాయపు వెలుపలి వ్యాసం సుమారు 120 నానోమీటర్లు. చదరపు మైక్రోమీటరుకు 10 రంధ్రాలున్నాయని అనుకుందాం, ఒక్కొక్కదానికి 0.1 చదరపు మైక్రోమీటరు చోటు దక్కుతుంది కాబట్టి సగటు ఎడం సుమారు 316 నానోమీటర్లు. సగటు హద్దు కన్నా ఎక్కువే అయినా, రంధ్రాలు గళ్ల నోటుపుస్తకంలో చుక్కలు పెట్టినట్లు సమదూరంలో ఉండవు. కొన్ని జంటలు 150 నానోమీటర్ల దూరంలోనే ఉంటాయి, వాటిని కాన్‌ఫోకల్ ఒకే చుక్కగా చూపిస్తుంది. కాబట్టి మీరు లెక్కించేది ఎప్పుడూ అసలు సంఖ్య కన్నా తక్కువే. పైగా రంధ్రాల సాంద్రత పెరిగేకొద్దీ ఈ లోటు కూడా పెరుగుతుంది, అంటే సాంద్రతలో నిజమైన తేడా ఉన్న రెండు నమూనాలను పోల్చినప్పుడు ఆ తేడా కుంచించుకుపోతుంది.

అడుగు తలాన్ని ఎంచుకోవడం మాత్రం మంచి నిర్ణయం. గాజుపలకకు దగ్గరగా, చదునుగా ఉంటుంది, గోళాకార విపథనం తక్కువ. రంధ్రాల సంఖ్యే మీ వ్యాసానికి మూలమైతే ఈ హద్దును దాటే సూపర్ రిజల్యూషన్ పద్ధతులైన స్టెడ్ గాని, డీస్టార్మ్ గాని, నమూనాను దాదాపు నాలుగు రెట్లు ఉబ్బించే ఎక్స్‌పాన్షన్ మైక్రోస్కోపీ గాని వాడండి. సంఖ్య అవసరం లేదు, మార్పు ఉందో లేదో చాలు అంటే కేంద్రకపు అంచు తీవ్రతనే చూపి, దానిని రంధ్రాల సంఖ్య అని పిలవకుండా ఉండండి.

కణదర్శి:

పైవారు చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను గాని, ఫిక్సేషన్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు, సగం తగాదాలు అక్కడే పుడతాయి.

పారాఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానికొకటి బంధించి ఆకారాన్ని నిలబెడుతుంది, కాని రంధ్రం వంటి కిక్కిరిసిన నిర్మాణంలో యాంటీబాడీ చొరబడే దారులను కూడా బిగించివేస్తుంది. పూర్తి ఐజీజీ (మామూలు యాంటీబాడీ) అణువు 150 కిలోడాల్టన్ల బరువుంటుంది, పొడవు 10 నానోమీటర్లకు పైమాటే. చట్రపు లోపలి పొరలోని ప్రోటీన్లకు తయారైన కొన్ని యాంటీబాడీలు బ్లాట్‌లో చక్కగా పనిచేసి, ఫిక్స్ చేసిన కణంలో బలహీనపడడానికి ఇదొక కారణం. ఎక్కువసేపు ఫిక్స్ చేసే కొద్దీ సంకేతం తగ్గుతోందంటే అనుమానించవలసింది దీనినే.

అందుకే సూపర్ రిజల్యూషన్ పనిచేసేవారు కొందరు ముందుగా 2.4 శాతం ఫార్మాల్డిహైడ్‌ను 30 సెకన్లు మాత్రమే ఇచ్చి, 0.4 శాతం ట్రైటాన్‌తో 3 నిమిషాలు తెరిచి, ఆ తరువాత మళ్లీ 2.4 శాతం ఫార్మాల్డిహైడ్‌తో అరగంట ఫిక్స్ చేస్తారు. మధ్యలో తెరవడం వల్ల కరిగి తిరుగుతున్న ప్రోటీన్లు చాలావరకు కడుక్కుపోయి, రంధ్రానికి అంటుకుని ఉన్నవి మిగులుతాయి. కేంద్రక ద్రవ్యంలోని మసక తగ్గి అంచు స్పష్టమవుతుంది. మిగిలిపోయిన ఆల్డిహైడ్‌ను 100 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్‌తో చల్లార్చడం మరవకండి.

అయితే రంధ్రాన్వేషి గారూ, మీ ప్రశ్నకు ఈ పద్ధతి సరిపోతుందని నేననుకోను. నప్153 రంధ్రం నుండి విడివడి కేంద్రక ద్రవ్యంలో తేలుతోందా, లేక మొత్తం పరిమాణమే తగ్గిందా అన్నది మీరు తెలుసుకోవాలి. ముందే కడిగివేస్తే ఆ రెండింటికీ తేడా మిగలదు. నేరుగా ఫిక్స్ చేసిన పలకలను ప్రధానంగా ఉంచి, ముందుగా తెరిచినవాటిని పక్కన చూపండి.

జెల్‌పట్టీ:

కణదర్శి గారూ, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మిథనాల్ వాడితే యాంటీబాడీ చొరబడే సమస్య తీరుతుంది కదా? ఎంఏబీ414 మిథనాల్‌లో చాలా శుభ్రంగా వస్తుంది.

కణదర్శి:

శుభ్రంగా వస్తుంది, ఒప్పుకుంటాను. కాని మిథనాల్ కొవ్వులను కరిగించి, ప్రోటీన్లను ఉన్నచోటే అవక్షేపిస్తుంది. అవి ఒకదానితో ఒకటి బంధింపబడవు. పొర అనేది దాదాపు మిగలదు. అంచు ఉందో లేదో చూడడానికి అది చాలు. వచ్చిపోయే ప్రోటీన్ ఎంత మిగిలిందో కొలవడానికి నేను మిథనాల్‌ను నమ్మను. దానికి తోడు, దిగువన చెప్పబోయే డిజిటోనిన్ పరీక్షకు కేంద్రక పొర చెక్కుచెదరకుండా ఉండాలి, మిథనాల్ ఇచ్చిన కణాలలో ఆ పరీక్షకు అర్థమే లేదు.

డిజిటోనిన్ కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న కణపొరను తెరుస్తుంది. కొలెస్టరాల్ తక్కువగా ఉన్న కేంద్రక త్వచాన్ని తగిన గాఢతలో వదిలివేస్తుంది. ఆడమ్, మార్, గెరేస్ 1990లో కేంద్రకంలోకి ప్రోటీన్ల దిగుమతిని పరిశీలించడానికి ఈ గుణాన్నే వాడుకున్నారు. దాదాపు 40 కిలోడాల్టన్లకు మించిన అణువు రంధ్రం గుండా తనంతట తాను సులభంగా వెళ్లలేదు కాబట్టి, ఐజీజీ కణద్రవ్యం వైపే ఆగిపోతుంది. ఫలితం ఇలా ఉండాలి: కణద్రవ్యపు తంతువులలోని నప్358 వెలుగుతుంది, కేంద్రకం వైపు బుట్టలో ఉన్న నప్153, టీపీఆర్ అనే ప్రోటీన్లు వెలగవు, లామిన్ కూడా వెలగదు. అదే కణాలను ట్రైటాన్‌తో తెరిస్తే అన్నీ వెలుగుతాయి. మీ నప్153 యాంటీబాడీ డిజిటోనిన్ పలకలో కూడా వలయం చూపిస్తే, అది నప్153ను కాక మరి దేనినో పట్టుకుంటోందని అర్థం, లేదా మీ డిజిటోనిన్ ఎక్కువై కేంద్రక త్వచం కూడా తెరుచుకుందని అర్థం. ఈ రెండింటిలో ఏదో చెప్పేది లామిన్.

మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాముల గాఢతతో, మంచుపై కొద్ది నిమిషాలతో ప్రారంభించి, మీ కణాలకు తగినట్లు సరిచూసుకోండి. చాలామంది ఇక్కడే జారిపోతారు: కణాలను డిజిటోనిన్‌తో జాగ్రత్తగా తెరిచి, తరువాత వాడే బ్లాకింగ్ ద్రావణంలో అలవాటుగా ట్రైటాన్ గాని ట్వీన్ గాని కలిపేస్తారు. అప్పుడు కేంద్రక త్వచం తెరుచుకునే అవకాశం ఉంది, అలా జరిగితే పరీక్ష అంతటితో ముగిసినట్లే.

వెలుగుచుక్క:

ఆ పరీక్షను చాలా చిన్న యాంటీబాడీ ముక్కలైన నానోబాడీలతో చేయకూడదని కూడా చేర్చండి. అవి సుమారు 15 కిలోడాల్టన్లు మాత్రమే, పైన చెప్పిన హద్దుకు చాలా దిగువన ఉంటాయి.

నానోబాడీల గొప్పతనం మరోచోట ఉంది. ప్రైమరీ మీద సెకండరీ పెట్టినప్పుడు రంగు అణువు అసలు ప్రోటీన్‌కు 15 నానోమీటర్లో అంతకన్నా ఎక్కువో దూరంలో ఉండవచ్చు. కాన్‌ఫోకల్‌లో ఆ దూరానికి విలువ లేదు. డీస్టార్మ్‌లో మాత్రం చిత్రం రూపాన్నే మార్చివేస్తుంది. నప్96, నప్107 వంటి వై సముదాయపు ప్రోటీన్లు సుమారు 107 నానోమీటర్ల వ్యాసంగల వలయంలో ఎనిమిది మూలలుగా అమరి ఉంటాయి. చుట్టుకొలత 336 నానోమీటర్లు, అంటే మూలకూ మూలకూ మధ్య 42 నానోమీటర్లే. ఇరువైపులా చెరో 15 నానోమీటర్లు తడబడితే మూలలు కలిసిపోయి నిండు వలయం కనిపిస్తుంది. నానోబాడీతో గాని, ప్రోటీన్‌కే స్నాప్ ట్యాగ్ (రంగు అణువును నేరుగా పట్టుకునే చిన్న ప్రోటీన్) జతచేసిన కణజాతితో గాని ఈ తడబాటు కొద్ది నానోమీటర్లకు తగ్గుతుంది. యాంటీబాడీతో పనే జరగదని కాదు. లోష్‌బర్గర్ బృందం 2012లో కప్ప అండకణాల కేంద్రక త్వచంలోని జీపీ210 అనే రంధ్రపు ప్రోటీన్‌ను మామూలు యాంటీబాడీలతోనే గుర్తించి ఎనిమిది రేకుల సౌష్ఠవాన్ని చూపింది. ఆ వలయం ఇంకా పెద్దది, సుమారు 160 నానోమీటర్లు, అందువల్ల కుదిరింది.

ఇదే నిర్మాణం మీ లేబులింగ్ ఎంత మంచిదో కూడా కొలిచి చెబుతుంది. నప్96 ప్రతి రంధ్రంలో 32 నకళ్లు, మూలకు నాలుగు. ఒక్కో నకలు వెలిగే అవకాశం సగం అనుకుంటే, నాలుగూ చీకటిగా ఉండే అవకాశం 0.5ను నాలుగుసార్లు గుణిస్తే 0.0625, కాబట్టి సగటున ఏడున్నర మూలలు కనిపించాలి. అవకాశం 0.3కు పడిపోతే సగటు ఆరు మూలలే. కనిపించిన మూలల సంఖ్య నుండి వెనక్కి లెక్కిస్తే లేబులింగ్ సామర్థ్యం వస్తుంది. 2019లో నప్96 కణజాతులను ప్రామాణికంగా ప్రతిపాదించిన పని ఈ ఆలోచన మీదనే నిలబడింది, దానిని నేను ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి అభ్యాసంగా ఇస్తాను.

రంధ్రాన్వేషి:

కణదర్శి గారు చెప్పినట్లు డిజిటోనిన్ పలకలు చేసి చూశాను. ఎంఏబీ414 వలయం నిలిచింది, నప్153, లామిన్ రెండూ కనిపించలేదు, ట్రైటాన్ పలకలో రెండూ వచ్చాయి. కణద్రవ్యపు ముద్దలు ఎంఏబీ414కు వెలిగి లామిన్‌కు వెలగలేదు, సెకండరీ ఒక్కటే వేసిన పలకలో లేవు. ఇక హారంగా నప్133ను తీసుకుంటే, రసాయనం ఇచ్చిన కణాలలో నప్133 అంచు తీవ్రత మారలేదు, నప్153 తగ్గింది, కేంద్రక ద్రవ్యంలోని మసక మాత్రం పెరగలేదు. ఈ తగ్గుదలను ప్రోటీన్ నష్టమని రాయవచ్చునా?

జెల్‌పట్టీ:

ఇంకొక ద్వారం మూయవలసి ఉంది. కణం తనను తాను చంపుకునే అపోప్టోసిస్‌లో కాస్పేస్‌లు అనే ఎంజైములు నప్153ను కోస్తాయి. మీ రసాయనం కొన్ని కణాలనైనా ఆ దారి పట్టిస్తుంటే, యాంటీబాడీ గుర్తించే భాగం తెగిపోయి సంకేతం తగ్గవచ్చు. కోతపడిన కాస్పేస్-3ను గుర్తించే యాంటీబాడీని అదనంగా వేసి, దానికి వెలిగిన కణాలను లెక్క నుండి తీసివేసి మళ్లీ కొలవండి. బ్లాట్ కూడా చేయండి. పూర్తి పొడవు పట్టీ తగ్గి చిన్న ముక్కలు కనిపిస్తే కోత, ముక్కలేవీ లేకుండా పట్టీ తగ్గితే విఘటన గాని ఉత్పత్తి తగ్గడం గాని కావచ్చు. ముక్కలు కనబడాలంటే మీ యాంటీబాడీ ప్రోటీన్‌లో ఏ కొనను గుర్తిస్తుందో ముందు తెలుసుకోవాలి, కోత అవతల ఉన్న ముక్క దానికి కనిపించదు. పట్టీ అసలు మారకపోతే, ప్రోటీన్ ఉండి కూడా యాంటీబాడీకి అందడం లేదని అర్థం. అప్పుడు మళ్లీ కణదర్శి గారి ఫిక్సేషన్ ప్రశ్న దగ్గరకు వస్తాం.

కణదర్శి:

అందడం లేదన్న అనుమానాన్ని తీర్చడానికి నప్153లో వేరే భాగాన్ని గుర్తించే మరొక యాంటీబాడీ చాలు. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గితే, ఒక్క ప్రతిజనక స్థానం మూసుకుపోవడం కారణమని అనడం కష్టం. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఒక జన్యువు ఉత్పత్తిని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏతో) నప్153ను తగ్గించిన కణాలను కూడా అదే పలకల వరుసలో ఉంచండి. రసాయనం చూపిన తగ్గుదలను పోల్చడానికి ఒక కొలత ఏర్పడుతుంది, మీ యాంటీబాడీ నిజంగా నప్153నే చూస్తోందని కూడా అదే చెబుతుంది.

రంధ్రాన్వేషి:

బ్లాట్‌కు, కాస్పేస్-3కు నమూనాలు సిద్ధం చేస్తున్నాను. రెండవ నప్153 యాంటీబాడీ కూడా ఎంఏబీ414 లాగే ఎలుకది, సెకండరీ ఆ రెండింటినీ వేరుచేయలేదు కాబట్టి దానిని ఎంఏబీ414తో కలిపి వేయను, నప్133 కుందేలుదితో జతచేస్తాను. చుక్కల లెక్కను వ్యాసం నుండి తీసివేసి, అంచు తీవ్రత పటాన్నే ఉంచుతున్నాను.